పన్ను క్యాప్‌కు చెప్పిన రేటు న్యాయమైనదేనా? ఎలా తేల్చుకోవాలి

రూట్ కెనాల్ అయిపోయాక "ఇక దీని మీద క్యాప్ వేయించుకోవాలి" అంటూ డాక్టర్ ఒక రేటు చెబుతారు. ఇంకో క్లినిక్‌లో అడిగితే అదే పన్నుకు అందులో సగమే అంటారు. మూడో చోట మొదటిదాని కంటే ఎక్కువ. ముగ్గురూ వేస్తామన్నది జిర్కోనియా అనే గట్టి తెల్లటి సిరామిక్ క్యాపే. మరి ఇంత తేడా ఎందుకు? ఎక్కువ చెప్పినవాళ్లు మోసం చేస్తున్నారా, తక్కువ చెప్పినచోట పని నాసిగా ఉంటుందా? ఈ టెన్షన్ పడని పేషెంట్లు తక్కువ. ఒకపక్క నొప్పి, ఇంకోపక్క ఖర్చు ఉన్నప్పుడు నిదానంగా ఆలోచించడం కూడా కష్టమే.

నాకు తోచింది ముందే చెబుతాను. అంకె ఒక్కటే చూసి క్యాప్ ధర సబబో కాదో ఎవరూ చెప్పలేరు. మెటీరియల్ పేరు తెలిసినా పెద్దగా తేలదు. ఆ రేటులో ఏయే పనులు కలిసి ఉన్నాయి, తేడా వస్తే ఎవరు సరిచేస్తారు అన్నది తెలిశాకే పోల్చి చూడటానికి వీలవుతుంది. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది.

అసలు క్యాప్ అవసరమా?

అవసరం లేని క్యాప్ ఎంత చౌకగా వచ్చినా దండగే. క్యాప్ కూర్చోవాలంటే పన్నును చుట్టూ అరగదీయాలి. సిరామిక్ క్యాప్ కోసమైతే నమిలే వైపు సుమారు 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు, పక్కల ఒక మిల్లీమీటరు, కొన్నిసార్లు ఇంకాస్త ఎక్కువ తీసేస్తారు. పన్నుపై ఎనామెల్ పొర బాగా మందంగా ఉన్నచోట కూడా దాదాపు 2.5 మిల్లీమీటర్లకు మించదు. అంటే చాలాచోట్ల ఎనామెల్ పూర్తిగా పోతుంది, మళ్లీ పెరగదు. ఒకసారి క్యాప్ వేసిన పన్నుకు ఇక జీవితాంతం ఏదో ఒక క్యాప్ ఉండాల్సిందే. నరం బతికే ఉన్న పన్నును అరగదీసినప్పుడు, కొందరికి కొన్నేళ్ల తర్వాత ఆ నరం దెబ్బతిని రూట్ కెనాల్ దాకా వెళ్తుంది. వెనక్కి తీసుకోలేని పని కాబట్టి, ధర గురించి బేరమాడే ముందు అవసరం గురించి అడగాలి.

అవసరమైన సందర్భాలు స్పష్టంగానే ఉంటాయి. రూట్ కెనాల్ చేసిన దవడ పన్ను వాటిలో మొదటిది. పుచ్చు తీయడానికి, నరం దాకా వెళ్లడానికి ఆ పన్ను పైకప్పు అంతా తవ్వేసి ఉంటారు. మిగిలిన గోడలు నమిలే ఒత్తిడికి విచ్చుకుంటాయి. ఒకరోజు నిలువునా చీలిందంటే, అంత కష్టపడి చేయించుకున్న రూట్ కెనాల్‌తో సహా పన్ను పోయినట్టే. పెద్ద ఫిల్లింగ్ ఉండి గోడలు పలచబడిన పన్నుకూ, పగులు వచ్చి కొరికి వదిలినప్పుడు చురుక్కుమనే పన్నుకూ క్యాప్ మేలు చేస్తుంది.

ముందు పళ్ల సంగతి వేరు. వెనకవైపు చిన్న రంధ్రం పెట్టి రూట్ కెనాల్ చేసి, మిగతా పన్నంతా గట్టిగా ఉంటే చాలాసార్లు మంచి ఫిల్లింగ్ సరిపోతుంది. దవడ పళ్లలో కూడా ఒక పక్క గోడ మాత్రమే పోయినప్పుడు, నమిలే భాగాన్ని మాత్రం కప్పే ఆన్‌లే వేయవచ్చు. దానికి పన్ను తక్కువ అరగదీస్తే చాలు. "దీనికి ఫిల్లింగో ఆన్‌లేనో ఎందుకు సరిపోదు?" అని అడగండి. సరైన కారణం ఉన్న డాక్టర్ ఎక్స్‌రే మీదో, నోట్లో తీసిన ఫోటో మీదో "ఇదిగో, ఈ గోడ ఇంతే మిగిలింది" అని వేలు పెట్టి చూపిస్తారు. చూపించకుండా "అందరికీ ఇలాగే వేస్తాం" అంటే మాత్రం అక్కడ కాసేపు ఆగాలి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. పన్ను మరీ విరిగిపోయి ఉంటే దాని మీద ఏ క్యాపూ నిలబడదు. చిగురు పైన చుట్టూ కనీసం 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగిలి ఉంటేనే క్యాప్‌కు పట్టు దొరుకుతుంది. అది లేనప్పుడు, లోపల వేరులోకి పోస్టు అనే సన్నటి కడ్డీ దించి పైన క్యాప్ పెట్టినా కొన్నాళ్లకు మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది. అలాంటి పన్ను మీద తక్కువ రేటుకు వేయించుకున్న క్యాపే అన్నిటికంటే ఖరీదైనది. "ఈ పన్ను ఎన్నేళ్లు నిలబడుతుందని మీ అంచనా?" అన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పే డాక్టర్ దొరికితే, ఆయన చెప్పిన రేటు కాస్త ఎక్కువైనా నేను పట్టించుకోను.

ఆ డబ్బు దేనికి పోతుంది?

బిల్లు మీద "జిర్కోనియా క్రౌన్ – 1" అని ఒకే లైను ఉంటుంది (క్రౌన్ అన్నా క్యాప్ అన్నా ఒకటే). దాని వెనక జరిగేది చాలా ఉంది. మొదటిసారి వెళ్లినప్పుడు మత్తు ఇస్తారు, పాత ఫిల్లింగ్, మిగిలిన పుచ్చు తీసి పన్నును మళ్లీ కడతారు, ఆ తర్వాత అరగదీస్తారు. చిగురు అంచు దగ్గర సన్నటి దారం దించి చిగురును కాస్త పక్కకు జరుపుతారు. అరగదీసిన అంచు స్పష్టంగా కనబడేలా అచ్చు తీస్తారు, లేదా స్కానర్ తిప్పుతారు. పైపళ్లు కిందిపళ్లు ఎలా కలుస్తున్నాయో రికార్డు చేస్తారు. షేడ్ గైడ్ పక్కన పెట్టి రంగు చూస్తారు. అసలు క్యాప్ వచ్చేదాకా టెంపరరీ క్యాప్ పెడతారు. రెండోసారి వచ్చినప్పుడు క్యాప్ పెట్టి చూసి, సరిచేసి, సిమెంట్‌తో అతికిస్తారు. మధ్యలో ల్యాబ్ పని.

ల్యాబ్‌లో జరిగేది పేషెంట్‌కు కనబడదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. జిర్కోనియా ల్యాబ్‌కు సుద్దలా ఉండే తెల్లటి గుండ్రటి బిళ్ల రూపంలో వస్తుంది. మామూలుగా దాని వ్యాసం 98 మిల్లీమీటర్లు. ఆ దశలో అది మెత్తగా ఉంటుంది, మిషన్ తేలిగ్గా కోస్తుంది. ఇంకా కాల్చలేదు కాబట్టి క్యాప్‌ను కావాల్సిన సైజు కంటే 20 నుంచి 25 శాతం పెద్దదిగా చెక్కుతారు. తర్వాత దాదాపు 1500 డిగ్రీల సెల్సియస్ వేడిలో గంటల తరబడి కాలిస్తే అది కుంచించుకుపోయి, సరిగ్గా మీ పన్ను కొలతకు వస్తుంది, గట్టిపడుతుంది. ఆ కుంచించుకుపోయే లెక్క కొంచెం తప్పినా క్యాప్ సరిగ్గా కూర్చోదు. లిథియం డైసిలికేట్ అనే గాజు తరహా సిరామిక్ అయితే మిషన్‌లో చెక్కేటప్పుడు ఊదా రంగులో ఉంటుంది. సుమారు 850 డిగ్రీల కొలిమిలో పెట్టాకే పన్ను రంగు వస్తుంది.

ఇంతకీ గమనించాల్సిన సంగతి ఏమిటంటే, ఒక్క జిర్కోనియా బిళ్లలోంచి 20కి పైగా క్యాప్‌లు తీయవచ్చు. కాబట్టి ఒక క్యాప్‌లో ముడిసరుకు ఖర్చు బిల్లులో చిన్న భాగమే. దర్జీ దగ్గర గుడ్డ ఖరీదు వేరు, కుట్టుకూలి వేరు అన్నట్టే ఇక్కడా ఎక్కువ డబ్బు పోయేది పనికి: డాక్టర్ మీ పన్ను మీద గడిపే సమయానికి, టెక్నీషియన్ నేర్పుకు. క్లినిక్ అద్దె, అసిస్టెంట్ల జీతాలు, పరికరాల స్టెరిలైజేషన్, స్కానర్ లాంటి మిషన్ల అప్పులు కూడా ఇందులోనే కలుస్తాయి. అందుకే ఒకే మెటీరియల్‌కు రెండు చోట్ల రెండు రేట్లు ఉండటంలో దానంతట అదే మోసమేమీ లేదు. తక్కువ రేటు అంటే నాసి పని అని కూడా కాదు. అద్దె తక్కువగా ఉన్నచోట, సొంత ల్యాబ్ ఉన్నచోట ఖర్చు నిజంగానే తగ్గుతుంది. డెంటల్ కాలేజీ ఆసుపత్రుల్లో విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు కాబట్టి చాలా తక్కువకు అవుతుంది. ఎక్కువసార్లు వెళ్లి, ఎక్కువసేపు కూర్చునే ఓపిక ఉండాలి, అంతే.

మెటీరియల్ పేరు ఎంతవరకు లెక్కలోకి వస్తుంది?

ప్రకటనల్లో గట్టిగా వినబడేది ఈ పేర్లే. జిర్కోనియా అంటే ఏదో ఒకే వస్తువు అనుకుంటాం గానీ అందులోనే రకాలున్నాయి. పాతకాలపు గట్టి రకం వంగుడు బలం, అంటే వంచినప్పుడు విరగకుండా తట్టుకునే శక్తి, 900 నుంచి 1200 మెగాపాస్కల్స్ దాకా ఉంటుంది. కానీ అది సున్నం కొట్టినట్టు తెల్లగా, వెలుగు లోపలికి పోకుండా ఉంటుంది. అద్దంలా వెలుగు పారే అందమైన రకంలో బలం 500 నుంచి 700 దగ్గరికి దిగుతుంది. లిథియం డైసిలికేట్ ఇంకాస్త తక్కువ, 400 నుంచి 500 ప్రాంతంలో ఉంటుంది, చూడటానికి మాత్రం సహజమైన పన్నుకు బాగా దగ్గరగా ఉంటుంది. లోపల లోహం, పైన పింగాణీ ఉండే పీఎఫ్‌ఎం క్యాప్‌లు దశాబ్దాలుగా నిలబడినవే. పింగాణీ పెచ్చు ఊడటం, చిగురు దగ్గర బూడిద రంగు గీత కనబడటం వాటితో ఉన్న ఇబ్బంది. పూర్తి లోహం క్యాప్ అందంగా ఉండదు గానీ పన్ను తక్కువ అరగదీస్తే చాలు, విరగదు. నికెల్ పడనివాళ్లు మాత్రం లోహంలో ఏం కలిసిందో ముందే అడగాలి.

వెనక చివర ఉన్న దవడ పన్నుకు "ప్రీమియం, మల్టీలేయర్, అల్ట్రా ట్రాన్స్‌లూసెంట్" అంటూ ఎక్కువ అడిగితే నేనైతే ఇవ్వను. నవ్వినా కనబడని పన్నుకు అందం కోసం డబ్బు పెట్టి, బలం తగ్గించుకోవడంలో అర్థం లేదు. అదే ముందు పళ్లలో ఒకే ఒక్క పన్నుకు క్యాప్ వేయాల్సి వస్తే ఎక్కువ రేటు సబబే. పక్కనున్న అసలు పన్నుతో రంగు, మెరుపు, చిన్న చిన్న చారలతో సహా కలవాలి. డాక్టర్లు ఎక్కువగా వాడే వీటా క్లాసికల్ గైడ్‌లో ఉన్నవి 16 షేడ్లు. నిజమైన పన్ను చిగురు దగ్గర ఒక రంగులో, అంచు దగ్గర ఇంకో రంగులో ఉంటుంది. టెక్నీషియన్ పింగాణీని పొరలు పొరలుగా చేత్తో పేర్చాల్సి వస్తుంది, ఒక్కోసారి మళ్లీ చేయాల్సి వస్తుంది. ఆ శ్రమకు డబ్బు అడగడం న్యాయం. మెటీరియల్ వల్లే రేటు పెరగడం సమంజసమైన ఇంకో సందర్భం బంగారు మిశ్రమం. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ వర్గీకరణలో హై నోబుల్ అనే తరగతిలోకి రావాలంటే విలువైన లోహాలు కనీసం 60 శాతం, అందులో బంగారమే కనీసం 40 శాతం ఉండాలి. దాని ఖరీదు మార్కెట్ నిర్ణయిస్తుంది.

ఇక వారంటీ కార్డు. పదేళ్లు, పదిహేనేళ్లు అని రాసి ఉన్న కార్డు చేతిలో పెడితే ధైర్యంగా ఉంటుంది. అందులో ఏముందో చదవండి. చాలావాటిలో వారంటీ ఆ క్యాప్ విరిగితే కొత్త క్యాప్ ఇవ్వడానికే. క్యాప్‌కు పుచ్చు పట్టదు, దాని కింద ఉన్న పన్నుకు పడుతుంది. ఏళ్ల తరబడి చూసినప్పుడు క్యాప్ పన్నులు దెబ్బతినే ముఖ్య కారణాల్లో ఆ పుచ్చు ఒకటి. అప్పుడు చేయాల్సిన డాక్టర్ పనికి ఆ కార్డు సాధారణంగా వర్తించదు. కార్డు ఉన్నందుకు కట్టే అదనపు డబ్బుకు తగినంత రక్షణ దాని నుంచి దొరకదన్నది నా అభిప్రాయం. దాని బదులు "ఏడాదిలోపు ఊడినా, పెచ్చు లేచినా, కొరుకుడు సరిపోకపోయినా డబ్బు తీసుకోకుండా సరిచేస్తారా?" అని డాక్టర్‌నే అడిగి, జవాబు ఎస్టిమేట్ కాగితం మీద రాయించుకుంటే ఎక్కువ ఉపయోగం.

రెండు రేట్లను పోల్చడం

ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు, కాబట్టి లెక్క వేసి చూద్దాం. ఒక క్లినిక్‌లో క్యాప్‌కు 100 అన్నారు, ఇంకోచోట 140 అన్నారు అనుకుందాం. ఇవి ఏ డబ్బూ కాదు, పోల్చడానికి వేసుకున్న అంకెలు. మొదటి చోట 100 అంటే ఒట్టి క్యాపే. కూర్చున్నాక "పన్ను సగం లేదు, కోర్ కట్టాలి" అని (క్యాప్ కింద పోయిన పన్ను భాగాన్ని మళ్లీ కట్టడం) 20, పోస్టుకు 15, టెంపరరీ క్యాప్‌కు 8, ఎక్స్‌రేలకు 5 కలిశాయి. మొత్తం 148. రెండో చోట 140లో ఇవన్నీ కలిసే ఉన్నాయి, నెల తర్వాత చూపించుకోవడంతో సహా. చౌక అనుకున్నదే ఎక్కువ తేలింది. దీనికి ఉల్టాగా కూడా జరగవచ్చు: పన్ను బాగానే మిగిలి ఉండి కోర్, పోస్టు అక్కర్లేకపోతే మొదటి చోటే లాభం. అందుకే ఫోన్‌లో "క్యాప్‌కు ఎంత?" అని అడిగితే వచ్చే అంకెకు విలువ లేదు. "ఈ పన్ను మీద పని మొదలుపెట్టి, క్యాప్ అతికించి, కొరుకుడు సరిచేసి పంపించేదాకా నా జేబులోంచి మొత్తం ఎంత పోతుంది?" అని అడగాలి. రూట్ కెనాల్ ఆ మొత్తంలో ఉందో లేదో విడిగా తేల్చుకోవాలి. ఇంప్లాంట్ మీద వేసే క్యాప్ అయితే ఎముకలో దించే స్క్రూ, మధ్యలో ఉండే అబట్‌మెంట్, పైన క్యాప్ – మూడింటికీ కలిపి చెప్పారా అని చూడాలి.

ఎన్నేళ్లు నిలుస్తుందన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. అధ్యయనాలన్నీ కలిపి చూసిన సమీక్షల్లో ఇప్పటి ముఖ్యమైన రకాల క్యాప్‌లు ఐదేళ్ల తర్వాత 90 శాతానికి పైగా నిలబడే ఉన్నాయి. పదేళ్లు దాటినవి చాలా సాధారణం. 100 పెట్టిన క్యాప్ ఐదేళ్లకు పోతే ఏడాదికి 20 పడినట్టు. 150 పెట్టినది పన్నెండేళ్లు నిలిస్తే ఏడాదికి 12.5. అలాగని ఎక్కువ రేటు ఎక్కువకాలం నిలుస్తుందన్న హామీ ఏమీ ఇవ్వదు. నిద్రలో పళ్లు నూరే అలవాటు ఉన్నవాళ్లకు ఎంత ఖరీదైన క్యాపైనా రాత్రిపూట పళ్లకు పెట్టుకునే తొడుగు, అంటే నైట్ గార్డ్ లేకుండా నమ్మకం తక్కువ.

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకు ఒక మాట. కంపెనీ ఇంత ఇస్తుందంటే అదే న్యాయమైన ధర అని కాదు, వాళ్ల పాలసీ హద్దు అంతే. చాలా పాలసీలు మీరు సిరామిక్ వేయించుకున్నా చౌకైన మెటీరియల్ రేటే లెక్కగడతాయి, అదే పన్నుకు కొన్నేళ్లదాకా మళ్లీ క్యాప్ ఖర్చు ఇవ్వవు. పని మొదలుపెట్టకముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి.

మీరు నిజంగా కొనుక్కుంటున్నది

క్యాప్ అంచు, పన్ను కలిసేచోట ఉండే సందు ఎంత చిన్నదైతే అంత మంచిది. ఆ సందులోంచే సిమెంట్ కరిగి, బ్యాక్టీరియా లోపలికి పోయి పుచ్చు మొదలవుతుంది. 1971లో మెక్‌లీన్, వాన్ ఫ్రాన్‌హోఫర్ అనే ఇద్దరు వెయ్యికి పైగా క్యాప్‌లు, ఫిల్లింగ్‌లు ఐదేళ్లపాటు పరిశీలించి, 120 మైక్రాన్ల దాకా ఉన్న సందును ఒప్పుకోవచ్చని తేల్చారు. ఇప్పటికీ ఆ అంకెనే కొలమానంగా చెబుతుంటారు. 120 మైక్రాన్లంటే మిల్లీమీటరులో దాదాపు ఎనిమిదో వంతు. అచ్చు తీసేటప్పుడు చిగురు దగ్గర చిన్న రక్తపు చుక్క అడ్డొచ్చినా అంచు మసకబారుతుంది, ల్యాబ్‌లో టెక్నీషియన్ ఊహించి గీత గీయాల్సి వస్తుంది. తొందరలో ఉన్న క్లినిక్ ఆ అచ్చునే పంపేస్తుంది. శ్రద్ధ ఉన్నచోట మళ్లీ తీస్తారు. రేటులో ఉండే అసలు తేడా చాలాసార్లు ఇదే, ఇది ఏ బిల్లులోనూ కనబడదు.

కానీ అతికించే రోజున కొంత మీరే చూసుకోవచ్చు. సిమెంట్ పెట్టకముందే క్యాప్‌ను పన్ను మీద కూర్చోబెట్టి చూపించమనండి. ముందు పన్నైతే కిటికీ దగ్గరికి వెళ్లి పగటి వెలుగులో అద్దంలో చూసుకోండి. అతికించాక రంగు మార్చలేరు. డాక్టర్ పక్క పళ్ల మధ్య ఫ్లాస్ (పళ్ల సందులు శుభ్రం చేసే దారం) దించి చూడాలి: కాస్త బిగువుగా టక్కున దిగాలి, పైకి వచ్చేటప్పుడు పీచులు పీచులుగా తెగకూడదు. వదులుగా జారిపోతే తిన్నదల్లా అక్కడ ఇరుక్కుంటుంది. రంగు కాగితం కొరికించి, మచ్చలు గట్టిగా పడినచోట అరగదీయాలి. ఇదంతా జరిగే గది, రెండు నిమిషాల్లో అతికించి "అలవాటైపోతుందిలెండి" అని పంపించే గది ఒకటి కావు. అలవాటు కావాల్సింది కొత్త క్యాప్ ఉందన్న స్పర్శే. ఎత్తుగా తగులుతుంటే, నమిలితే నొప్పిగా ఉంటే వెంటనే వెళ్లి సరిచేయించుకోవాలి.

గంటా రెండు గంటల్లో అక్కడికక్కడే చేసిచ్చే క్యాప్‌ల గురించి కూడా అడుగుతుంటారు. మొదట అలా చేసింది క్యాప్ కాకపోయినా, క్లినిక్‌లోనే స్కాన్ చేసి సిరామిక్‌ను చెక్కి పన్నులో పెట్టే పద్ధతి 1985లోనే జూరిక్ యూనివర్సిటీలో మొదలైంది, ఇప్పుడు బాగా మెరుగుపడింది. టెంపరరీ క్యాప్ బాధ, రెండోసారి మత్తు ఉండవు. మిషన్ ఖరీదైనది కాబట్టి రేటు తక్కువ ఉండాలనేమీ లేదు. ఆ అదనపు డబ్బు మీ సమయం ఆదా అయినందుకు అనుకుంటే సరే, నాణ్యత దానివల్లే పెరుగుతుందని అనుకోవద్దు.

కొన్నిచోట్ల రేటు ఎంతైనా లేచి రావడమే మంచిది. ఒక పన్ను నొప్పని వెళ్తే ఐదారు పళ్లకు క్యాప్‌లు కావాలంటూ, దేనికీ కారణం చూపించకపోవడం. ఎక్స్‌రే కాపీ అడిగితే ఇవ్వకపోవడం. "ఈరోజే డబ్బు కడితే తగ్గిస్తాం" అని తొందర పెట్టడం. పన్నుకు ఆఫరు గడువు ఉండదు.

రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలనుకుంటే అది పన్ను అరగదీయకముందే జరగాలి. తర్వాత ఎవరేం చెప్పినా క్యాప్ వేయించుకోక తప్పదు. ఎక్స్‌రే, రాసిచ్చిన ఎస్టిమేట్ తీసుకుని వెళ్లండి. మొదటి డాక్టర్ చెప్పిన రేటు ముందే చెప్పకండి, పన్ను చూసి ఏం చేయాలో చెప్పమనండి, ఆ తర్వాత డబ్బు మాట. పన్ను ఇప్పటికే పగిలి ఉంటే తప్ప ఇందుకోసం వారం పది రోజులు తీసుకోవడంలో సాధారణంగా ఇబ్బంది లేదు. అయితే రూట్ కెనాల్ చేసి తాత్కాలిక ఫిల్లింగ్ పెట్టిన పన్నును నెలల తరబడి వదిలేయకూడదు. ఆ ఫిల్లింగ్ అరిగి లోపలికి ఉమ్మి చేరితే చేసిన రూట్ కెనాల్ మళ్లీ పాడవుతుంది, పన్ను విరిగే ప్రమాదమూ ఉంది. నిర్ణయానికి సమయం కావాలంటే తాత్కాలికానికి బదులు గట్టి ఫిల్లింగ్ పెట్టమని, ఎదుటి పన్ను ఒత్తిడి పడకుండా పైభాగం కాస్త తగ్గించమని డాక్టర్‌ను అడగండి. క్యాప్ పడేదాకా ఆ పక్కన గట్టివి కొరకకండి.